మే నెలలో మదర్‌బోర్డు

(ఎలక్ట్రానిక్స్ డిప్లొమా విద్యార్థుల సభలో ఒక కంప్యూటర్ మెకానిక్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పరిచయం చేసిన మాస్టారు నన్ను నిపుణుడు అన్నారు. అంత పెద్ద మాట వద్దు. ఇరవై ఏళ్లుగా స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని తిరుగుతున్నవాణ్ణి. డీటీపీ సెంటర్లకు, ఫొటో స్టూడియోలకు, మీసేవ కేంద్రాలకు కంప్యూటర్లు అసెంబుల్ చేసి ఇస్తాను, చెడిపోతే బాగుచేస్తాను. నేర్చుకున్నదంతా బాగుచేయడంలోనే నేర్చుకున్నాను. చవక మదర్‌బోర్డు, అంటే కంప్యూటర్ భాగాలన్నిటినీ కలిపే ప్రధాన బోర్డు, పనితీరును ఎలా పరీక్షించాలో ఈ రోజు చెప్పమన్నారు. మీరు పంపిన కాగితంలో 'బెంచ్‌మార్కింగ్' అని రాశారు. ఒకే పరీక్ష నడిపి స్కోర్లతో వేగాన్ని పోల్చడం అన్నమాట. ఆ మాటతో నాకు కొంచెం పేచీ ఉంది. ఎందుకో మీకే తెలుస్తుంది.

ముందుగా జరిగిన సంగతి ఒకటి చెబుతాను. రెండు వేసవుల కిందట పల్నాడు నుంచి పెళ్లి వీడియోలు తీసే ఒకాయన ఫోను చేశారు. "అన్నా, జనవరిలో నా సిస్టమ్ గుర్రంలా పరిగెత్తింది. ఇప్పుడు దున్నపోతులా పడుకుంటోంది" అన్నారు. జనవరిలో గంటకు అటూ ఇటూగా పూర్తయ్యే వీడియో ఎక్స్‌పోర్ట్ మే నెలలో రెండు గంటలు దాటుతోందట. వైరస్ అనుకుని విండోస్ రెండుసార్లు ఎక్కించారు. ర్యామ్ మార్చి చూశారు. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించే థర్మల్ పేస్ట్ కొత్తది పూశారు. ఏదీ పని చేయలేదు. వైశాఖమాసం, ముహూర్తాల మీద ముహూర్తాలు, ఇటు చూస్తే ఆల్బమ్ ఎప్పుడిస్తారని పెళ్లివారి ఫోన్లు.

వెళ్లి చూశాను. ప్రాసెసర్ మంచిదే, ఇంటెల్ కోర్ ఐ7-12700. పన్నెండు కోర్లు, అంటే లోపల లెక్కలు చేసే భాగాలు పన్నెండు. దాన్ని హెచ్610 అనే చిప్‌సెట్, అంటే మిగతా భాగాలను ప్రాసెసర్‌తో కలిపే చిప్, ఉన్న అతి చవక బోర్డు మీద కూర్చోబెట్టారు. ప్రాసెసర్‌కు పెట్టిన డబ్బులో నాలుగో వంతు కూడా బోర్డుకు పెట్టలేదు. కంపెనీ పేరు చెప్పను. ఆ ధరలో ఎవరి బోర్డయినా ఇంచుమించు అలాగే ప్రవర్తిస్తుంది. ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టి ఉష్ణోగ్రతలు చూశాను. ప్రాసెసర్ 70 డిగ్రీల దగ్గర హాయిగా ఉంది. వేడెక్కనేలేదు. మరి ఎందుకు నెమ్మదించింది? ఆ ప్రశ్న మీ దగ్గరే ఉంచుకోండి, మళ్లీ అక్కడికే వద్దాం.

అసలు మదర్‌బోర్డుకు వేగం అనేది ఉంటుందా? ఒకప్పుడు ఉండేది. ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య బోర్డు మీద నార్త్‌బ్రిడ్జ్ అనే చిప్ ఉండేది. ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్ అందులోనే ఉండేది. ఆ రోజుల్లో వయా, ఎస్ఐఎస్, ఎన్‌విడియా, ఇంటెల్ చిప్‌సెట్లను పక్కపక్కన పెడితే ఒకే ప్రాసెసర్ వేర్వేరు వేగాలతో నడిచేది. 2003లో అథ్లాన్ 64తో ఏఎండీ, 2008లో నెహాలెమ్‌తో ఇంటెల్ ఆ కంట్రోలర్‌ను ప్రాసెసర్ లోపలికి తీసుకెళ్లిపోయాయి. గ్రాఫిక్స్ కార్డు లైన్లు కూడా ఇప్పుడు నేరుగా ప్రాసెసర్ నుంచే వస్తాయి. అంటే లెక్కలు చేసేదీ, ర్యామ్ నుంచి చదివేదీ, గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడేదీ అంతా ప్రాసెసరే. బోర్డు ఇక దారి మాత్రమే.

కాబట్టి ఆరు వేల బోర్డునూ అరవై వేల బోర్డునూ తీసుకుని, అదే ప్రాసెసర్, అదే ర్యామ్ పెట్టి, ఒకే సెట్టింగులతో చిన్న పరీక్ష నడిపితే తేడా ఒకటి రెండు శాతం దాటకూడదు. దాటిందా, బోర్డును మెచ్చుకోకండి. సెట్టింగులను అనుమానించండి. ఈ అనుమానం నాకు ఊరికే రాలేదు. పెంటియం 4 కాలంలో కొన్ని బోర్డులు 133 మెగాహెర్ట్జ్ ఉండవలసిన బేస్ క్లాక్‌ను, అంటే ప్రాసెసర్ వేగానికి మూలమైన గడియారాన్ని, చెప్పకుండా కాస్త పైకి పెట్టుకుని వచ్చేవి. పత్రికల పరీక్షలో అర శాతం ముందుంటే చాలు, పట్టికలో మొదటి వరుస దక్కుతుంది. తూకం రాయి కింద చింతపండు అంటించినట్టన్నమాట. 2012 ప్రాంతంలో ఇంకో ఎత్తు వచ్చింది. ఒక కోరు మాత్రమే పనిచేసేటప్పుడు చేరవలసిన గరిష్ఠ వేగాన్ని అన్ని కోర్లకూ ఇచ్చేయడం. దానికి గొప్ప గొప్ప పేర్లు పెట్టి బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగులుండే ప్రోగ్రామ్‌లో, ముందే ఆన్ చేసి పంపేవారు.

ఇప్పటి ఎత్తు కరెంటు పరిమితిది. ఇంటెల్ ప్రాసెసర్లకు పీఎల్1, పీఎల్2 అని రెండు హద్దులు ఉంటాయి. పీఎల్ అంటే పవర్ లిమిట్. ఐ5-12400 తీసుకోండి. పీఎల్2 117 వాట్లు, పీఎల్1 65 వాట్లు. బరువైన పని మొదలవగానే 117 వరకు తీసుకోవచ్చు, సుమారు 28 సెకన్ల తరువాత 65కు దిగాలి. ఇది ఇంటెల్ చెప్పే లెక్క. బోర్డు తయారీదారు దాన్ని పాటించాలన్న నిర్బంధం లేదు. కొన్ని బోర్డుల బయోస్‌లోకి వెళ్లి చూస్తే ఆ హద్దు దగ్గర 4095 వాట్లు అని ఉంటుంది. మన ఇంట్లో రెండు గీజర్లు ఒకేసారి వేస్తే అయ్యే ఖర్చు అది. (నవ్వులు) నిజంగా అంత తీసుకోదు లెండి. పన్నెండు బిట్ల గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య 4095. అంటే 'హద్దు లేదు' అని అర్థం. ఇప్పుడు హద్దు పాటించే బోర్డునూ, 4095 పెట్టుకున్న బోర్డునూ ఎదురెదురుగా పెడితే రెండోదే గెలుస్తుంది. గెలిచింది బోర్డు నాణ్యత వల్లా, బయోస్‌లో రాసిన అంకె వల్లా? అందుకే పరీక్ష మొదలుపెట్టే ముందు ఆ రెండు అంకెలు కాగితం మీద రాసుకోండి. అవి రాయని పరీక్ష ఫలితాన్ని నేను చదవను.

సరే, బోర్డు దారి మాత్రమే అన్నాను. ఆ దారిలో నడిచేవాటిలో సమాచారం సంగతి కొంచెం పక్కన పెట్టి, కరెంటు సంగతి చూద్దాం. మీరు ఎలక్ట్రానిక్స్ పిల్లలు, ఇది మీ విషయమే.

క్యాబినెట్‌లోని పవర్ సప్లై, అదే ఎస్ఎంపీఎస్, నుంచి బోర్డుకు వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కు కావలసింది రమారమి 1.2 వోల్టులు. దించే పని ప్రాసెసర్ సాకెట్ పక్కన ఉన్న వీఆర్ఎం, అంటే వోల్టేజ్ రెగ్యులేటర్ మాడ్యూల్, చేస్తుంది. అందులో ఉండేవి కరెంటును ఆన్, ఆఫ్ చేసే మాస్‌ఫెట్లు, తీగ చుట్టలైన చోక్‌లు, కెపాసిటర్లు. చతురస్రంగా, బూడిద రంగులో వరసగా ఉంటాయే, అవి చోక్‌లు. మన ఊరి ట్రాన్స్‌ఫార్మర్ లాంటిదే ఇది. పగలంతా బాగానే ఉంటుంది. మే నెల రాత్రి ఎనిమిది గంటలకు ఊరంతా కూలర్లు వేసినప్పుడే దాని అసలు బలం తెలుస్తుంది.

ఇప్పుడు లెక్క వేయండి. ఐ7-12700 గరిష్ఠ టర్బో పవర్, అంటే పీఎల్2, 180 వాట్లు. 180ని 1.2తో భాగిస్తే? ...అవును, 150 ఆంపియర్లు. ఇంటి మీటరు దగ్గర ఉండే ఎంసీబీ ఎన్ని ఆంపియర్లది? 32 అనుకుందాం. దానికి నాలుగు రెట్లకు పైగా కరెంటు, అరచేతిలో పట్టే చోటు గుండా వెళుతోంది. వీఆర్ఎం సామర్థ్యం 90 శాతం అనుకుంటే ఎస్ఎంపీఎస్ నుంచి 200 వాట్లు తీసుకుని 180 ఇస్తుంది. మిగిలిన 20 వాట్లు వేడి. మీ ల్యాబులో 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉంటుంది కదా, దానికి కాస్త తక్కువ. దాన్ని తీసుకెళ్లి బోర్డు మూలన పడుకోబెట్టినట్టు. చవక బోర్డుల్లో చాలావాటికి ఆ మాస్‌ఫెట్ల మీద వేడిని లాగే లోహపు హీట్‌సింక్ కూడా ఉండదు. అదే 65 వాట్ల దగ్గర నడిచే ఐ5 అయితే నష్టం ఏడు వాట్ల పైచిలుకు. దాన్ని చవక బోర్డు హీట్‌సింక్ లేకుండానే భరిస్తుంది. ఇక్కడ తప్పు బోర్డుది కాదు, జోడీ కుదిర్చిన వాళ్లది.

ఇక ఆ స్టూడియోకు తిరిగి వెళదాం. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అందులో ఉష్ణోగ్రతల కింద ప్రాసెసర్ ఏ కారణంతో వేగం తగ్గించుకుందో చెప్పే వరుసలు ఉంటాయి. ప్రాసెసర్ వేడెక్కిందా, కరెంటు హద్దు తగిలిందా, వీఆర్ఎం వేడి గురించి హెచ్చరిక వచ్చిందా అని ఒక్కొక్కదానికీ 'అవును', 'కాదు'. ఆ స్టూడియోలో 'అవును' అని ఉన్నది వీఆర్ఎం హెచ్చరిక దగ్గర. వీఆర్ఎం 'నా వల్ల కాదు' అంటే ప్రాసెసర్ ఒక్కసారిగా వేగం బాగా దించేసుకుంటుంది. కాస్త చల్లబడగానే మళ్లీ పైకి లేస్తుంది, మళ్లీ పడుతుంది. గ్రాఫ్ చూస్తే రంపం పళ్లు. వేగం పడిపోయినప్పుడు ప్రాసెసర్ వేడి ఎందుకు పెరుగుతుంది? అందుకే 70 డిగ్రీలు. ప్రాసెసర్ చల్లగా ఉండటమే అక్కడ రోగ లక్షణం. అందరూ దాన్ని ఆరోగ్యం అనుకున్నారు.

ఇంకో తమాషా ఉంది. ఆయన ఇంటెల్ పెట్టెలో వచ్చే కూలర్‌ను తీసేసి ఖరీదైన టవర్ కూలర్ వేయించుకున్నారు. పెట్టెలో వచ్చేది పైనుంచి కిందికి గాలి కొడుతుంది. ఆ గాలి ప్రాసెసర్‌ను దాటి చుట్టూ ఉన్న వీఆర్ఎం మీద కూడా పడుతుంది. టవర్ కూలర్ గాలిని పక్కకు కొడుతుంది. ప్రాసెసర్ చల్లబడింది, వీఆర్ఎం ఎండిపోయింది. పైగా క్యాబినెట్‌ను చెక్క కంప్యూటర్ టేబుల్ అరలో పెట్టి, దుమ్ము పడుతుందని తలుపు మూశారు. రెంటచింతల పేరు ఎండాకాలం వార్తల్లో వినే ఉంటారు కదా, ఆ చుట్టుపక్కల ఊరే. గదిలోనే 40 డిగ్రీలు.

పరీక్ష గురించి నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. యూట్యూబ్‌లో మీరు చూసే పరీక్షలు ఎక్కువగా 21 నుంచి 25 డిగ్రీల గదుల్లో, క్యాబినెట్ లేకుండా బల్ల మీద పరిచి చేస్తారు. అది తప్పు కాదు, పోలికకు అదే మంచిది. కానీ వాళ్ల గది 25 డిగ్రీలున్నప్పుడు వీఆర్ఎం 80 డిగ్రీలు చూపిస్తే, 40 డిగ్రీల గదిలో అది సుమారు 95 అవుతుందని మీరే కూడుకోవాలి. క్యాబినెట్ మూస్తే ఇంకొంత. గది ఉష్ణోగ్రత రాయకుండా ఇచ్చిన వీఆర్ఎం అంకెకు అర్థం లేదు. గదికి పైన ఎన్ని డిగ్రీలు పెరిగిందో అదే మన అంకె.

ఎంతసేపు నడపాలి? సినీబెంచ్ ఆర్23 అనే పరీక్ష ప్రోగ్రామ్ మామూలుగా పది నిమిషాలు నడుస్తుంది. ప్రాసెసర్‌కు అది చాలు. రాగి పొరలు, హీట్‌సింక్ ఉన్న బోర్డు పూర్తిగా వేడెక్కడానికి అరగంట పడుతుంది. నేను అరగంటకు తక్కువ నడపను. స్కోరు చూడను. మొదటి నిమిషం వేగం ఎంత, ముప్పయ్యో నిమిషం వేగం ఎంత, మధ్యలో రంపం పళ్లు ఉన్నాయా, ఈ మూడే చూస్తాను. బెంచ్‌మార్క్ మాటతో నా పేచీ ఇదే. పరుగు పందెంలో మొదటి వంద గజాలు చూసి బహుమతి ఇచ్చేస్తుంది. ప్రైమ్95తో కూడా నడపవచ్చు కానీ అది నిజజీవితంలో ఎవరూ పెట్టనంత బరువు పెడుతుంది. వీడియో వాళ్ల కంప్యూటరైతే వాళ్ల వీడియోతోనే పరీక్షించండి. లైనక్స్ వాడేవాళ్లకు స్ట్రెస్-ఎన్‌జీ ఉంది.

చవక బోర్డుల్లో చాలావాటికి వీఆర్ఎం దగ్గర సెన్సర్ ఉండదు, ఉన్నా ప్రోగ్రామ్‌కు కనిపించదు. మల్టీమీటర్‌తో వచ్చే కే-టైప్ థర్మోకపుల్, అంటే వేడి కొలిచే తీగ, వాడండి. మాస్‌ఫెట్లకు సరిగ్గా వెనుక, బోర్డు అడుగు భాగాన వేడికి తట్టుకునే కాప్టన్ టేపుతో అంటించండి. జ్వరం చూసే తుపాకీ లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడతారు కొందరు. మెరిసే అల్యూమినియం మీద అది అబద్ధం చెబుతుంది, అసలుకన్నా బాగా తక్కువ చూపిస్తుంది. హీట్‌సింక్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద గురిపెడితే నిజానికి దగ్గరగా వస్తుంది. ఈ చిట్కా నాకు ఒక ఏసీ మెకానిక్ చెప్పాడు.

వేడి వల్ల వేగం తగ్గడం ఒక్కటే నష్టం కాదు. కెపాసిటర్ల ఆయువు కూడా తగ్గుతుంది. 2000 తరువాత కొన్నేళ్లపాటు ప్రపంచమంతటా మదర్‌బోర్డుల మీద కెపాసిటర్లు ఉబ్బి పగిలిపోయాయి. లోపలి ద్రవం నాసిరకం. ఒక్కో వారం నేను పది బోర్డులకు కెపాసిటర్లు మార్చిన రోజులున్నాయి, నా దుకాణం నిలబడిందే వాటి వల్ల. ఇప్పుడు వీఆర్ఎం దగ్గర ఎక్కువగా ఘన పాలిమర్ రకం వస్తున్నాయి, అవి గట్టివి. పాత ద్రవ రకానికి ఉన్న మోటు లెక్క మాత్రం గుర్తుంచుకోవలసిందే. పది డిగ్రీలు తగ్గితే ఆయువు రెట్టింపు. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రాసి ఉన్నది 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు బతుకుతుంది.

మిగతావి త్వరగా చెబుతాను. ర్యామ్. హెచ్610 బోర్డుకు రెండే స్లాట్లు. ఖర్చు తగ్గించడానికి ఒక్క స్టిక్ పెట్టి అమ్ముతారు. డీడీఆర్4-3200 ఒక స్టిక్ అయితే సెకనుకు 25.6 గిగాబైట్లు, రెండు పెడితే 51.2. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే నడిపేవాళ్లకు ఈ తేడా కళ్లకు కనబడుతుంది. బయోస్‌లో ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ చేయకపోతే చాలా కిట్లు 2400 దగ్గరో 2666 దగ్గరో ఉండిపోతాయి, అది కూడా చూడండి. ఒక కుర్రవాడు సీపీయూ-జడ్ అనే ప్రోగ్రామ్‌లో 1600 చూసి, 3200 డబ్బు తీసుకుని సగం ఇచ్చారని నా మీద తగాదాకు వచ్చాడు. డీడీఆర్ అంటే గడియారం ఒక్క చుట్టులో రెండుసార్లు సమాచారం పంపడం బాబూ అని టీ ఇప్పించి చెప్పవలసి వచ్చింది.

ఎస్ఎస్‌డీ. హెచ్610లో ఎస్ఎస్‌డీ గుచ్చే ఎం.2 స్లాటుకు ప్రాసెసర్ నుంచి నేరుగా వచ్చే నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ లైన్లు ఉండవు. చిప్‌సెట్ నుంచి మూడో తరం లైన్లు వస్తాయి. సెకనుకు 7000 మెగాబైట్లు అని రాసి ఉన్న ఎస్ఎస్‌డీ దాని మీద 3500 దగ్గర ఆగుతుంది. చెడిపోయిందనుకోకండి. డీటీపీ చేసేవాళ్లకు ఆ తేడా జీవితంలో తెలియదు. శుభలేఖ తెరుచుకోవడానికి 3500 చాలా ఎక్కువ.

నెట్‌వర్క్‌కు దాని వేగం కొలిచే ఐపెర్ఫ్3 నడపండి, గిగాబిట్ పోర్టయితే 940 మెగాబిట్ల దగ్గర రావాలి. యూఎస్‌బీ పోర్టులన్నిటిలో ఏదో ఒకటి గుచ్చి ఒకేసారి పెద్ద ఫైళ్లు కాపీ చేయండి, మధ్యలో ఏదైనా ఊడిపోతుందా చూడండి. అంతే. మన దగ్గర ఇంకొకటి చేయాలి, ఏ సమీక్షలోనూ కనిపించదు. నడుస్తుండగా ప్లగ్ పీకి మళ్లీ పెట్టడం. ఎస్ఎస్‌డీలో ముఖ్యమైనవి లేనప్పుడే చేయండి. కరెంటు పోయి వచ్చాక బోర్డు తేదీ, బయోస్ సెట్టింగులు నిలుపుకుందా? తనంతట తాను లేవమని పెడితే లేచిందా? డీడీఆర్5 బోర్డయితే మొదటిసారి తెర వెలగడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ర్యామ్‌ను సరిచూసుకుంటోంది, కంగారుపడి ఆపేయకండి.

ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థిని: "సార్, బోర్డు మీద ఎక్కువ ఫేజ్‌లు ఉంటే మంచిదని అంటారు కదా, చోక్‌లు లెక్కపెట్టి కొనవచ్చా?")

లెక్కపెట్టవచ్చమ్మా, నమ్మవద్దు. ఫేజ్ అంటే వీఆర్ఎంలో కరెంటు భారాన్ని పంచుకునే ఒక్కో దారి. కొందరు ఒకే కంట్రోలర్ సంకేతానికి రెండేసి చోక్‌లు జోడిస్తారు. లెక్కకు ఎనిమిది, పనికి నాలుగు. అది మోసమని కూడా అనలేం, కరెంటు రెండు దారుల్లో పంచుకోవడం వల్ల వేడి కొంత తగ్గుతుంది. మాస్‌ఫెట్ మీద ఉన్న నంబరు భూతద్దంతో చదివి దాని డేటాషీట్ తీయండి. మీ చదువు అక్కడ పనికి వస్తుంది.

(మరో విద్యార్థి: "అదే డబ్బుకు ఐ3, మంచి బోర్డు తీసుకోవాలా, ఐ5, చవక బోర్డు తీసుకోవాలా?")

ఐ5-12400 లాంటిదైతే చవక బోర్డే తీసుకో. 65 వాట్ల హద్దు పెట్టి, పెట్టెలో వచ్చిన కూలర్ ఉంచు, నిశ్చింతగా ఉండు. ఐ7 దగ్గరకు వెళ్లావా, హెచ్610 కన్నా పై రకమైన బీ660 చిప్‌సెట్‌తో, హీట్‌సింక్ ఉన్న బోర్డుకు డబ్బు పక్కన పెట్టుకో. లేదంటే ఐ7 మానెయ్.

(వెనుక వరుస నుంచి: "సార్, మరి ఆ స్టూడియో ఆయన బోర్డు మార్చారా?")

లేదు. సీజన్ అయ్యాక చూద్దాం అన్నారు, ఇప్పటికీ చూడలేదు. ఆ రోజు నేను రెండు పనులు చేశాను. బయోస్‌లోకి వెళ్లి 4095 తీసేసి 100 వాట్లు పెట్టాను. ఆయనకు కోపం వచ్చింది, డబ్బు పోసి కొన్న ప్రాసెసర్‌కు ముకుతాడు వేశావన్నారు. అదే వీడియో మళ్లీ నడిపించాను. రంపం పళ్లు పోయి గీత సమంగా వచ్చింది. జనవరి అంత కాకపోయినా గంటంబావులోపు పూర్తయింది. రెండో పని, వడ్రంగిని పిలిపించి ఆ టేబుల్ అర తలుపు పీకించాను. తలుపు పారేయలేదాయన. లైట్ల స్టాండు కింద ఎత్తు పీటగా వాడుతున్నారు.